బండ్లు తిరగని దారులు: బీజాపూర్ నుంచి ఒక సైకిలు పాఠం



మేము ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలం. ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు కలిపి పదకొండు మందిమి. మాలో కొందరి నాన్నలు సి.ఆర్.పి.ఎఫ్.లో ఉన్నారు. మిగిలినవాళ్ల అమ్మానాన్నలు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో టెలిఫోన్ కార్యాలయంలోనో పనిచేస్తున్నారు. శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక మా లెక్కల మాస్టారు మాకు ఒక గంట తెలుగు చెబుతారు. ఈ పాఠం ఆ శనివారం తరగతుల్లో తయారైంది.

ఇది ఎందుకు మొదలైందో ముందు చెప్పాలి. జనవరిలో మాలో ఒక అమ్మాయి సైకిలు మీద బడి నుంచి ఇంటికి వెళ్తోంది. వెనక నుంచి ఒక లారీ ఆమెను ఆనుకున్నంత దగ్గరగా దాటిపోయింది. లారీ తగల్లేదు. కానీ ఆ గాలి విసురుకు సైకిలు తూలి, ఆమె రోడ్డు పక్క గోతిలో పడింది. మోచేతికి మూడు కుట్లు పడ్డాయి. మర్నాటికల్లా క్వార్టర్లలో అందరి ఇళ్లలోనూ ఒకటే మాట: ఇక సైకిలు వద్దు. మా సైకిళ్లన్నీ మెట్ల కిందికి చేరాయి.

శనివారం తరగతిలో మేమంతా ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నాం. మాస్టారు కారణం అడిగారు. విన్నాక, "పెద్దవాళ్ల భయం తప్పు కాదర్రా. కానీ భయపడాల్సింది సైకిలుకా, రోడ్డుకా? బండ్లు తిరగని దారి అంటే ఏమిటో ముందు చదువుదాం. తర్వాత ఇంట్లో అడుగుదాం" అన్నారు. అలా ఆరు శనివారాలు చదివాం, కొలిచాం, గీశాం.

1. ఫ్రాన్సు పల్లెల్లో ఏం చేశారు?

సైకిలు యాత్రలకు పేరున్న దేశాల్లో ఫ్రాన్సు ఒకటి. అక్కడి పల్లెల్లో వారాల తరబడి సైకిలు మీద తిరిగేవాళ్లు చాలామంది. పిల్లలతో కలిసి కుటుంబాలు కూడా వెళ్తాయి. అది ఎలా కుదురుతోందని వెతికితే మాకు మూడు రకాల దారులు కనిపించాయి.

మొదటివి మూతపడిన రైలు మార్గాలు. ఫ్రాన్సులో ఒకప్పుడు చిన్న చిన్న ఊళ్లకు కూడా రైలు ఉండేది. బస్సులు, కార్లు పెరిగాక ఆ రైళ్లు చాలావరకు ఆగిపోయాయి. పట్టాలు తీసేశాక కట్ట మిగిలింది. ఆ కట్టను చదును చేసి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలారు. ఇలాంటి దారిని అక్కడ 'వ్వా వెర్త్' అంటారు. ఆ మాటకు ఆకుపచ్చ దారి అని అర్థం. మోటారు బండ్లకు అందులో ప్రవేశం లేదు. బర్గండీ ప్రాంతంలో జివ్రీ నుంచి క్లూనీ వరకు 44 కి.మీ. పొడవున ఇలాంటి మొదటి దారిని 1997లో తెరిచారు.

రెండోవి కాలువ గట్లు. దక్షిణ ఫ్రాన్సులో తూలూజ్ నగరం నుంచి మధ్యధరా సముద్రం వైపు 240 కి.మీ. పొడవున 'కనాల్ ద్యు మిదీ' అనే కాలువ ఉంది. పియేర్ పాల్ రికే అనే ఆయన ఆధ్వర్యంలో 1666 నుంచి 1681 వరకు దాన్ని తవ్వారు. అప్పట్లో పడవలకు ఇంజన్లు లేవు. గట్టు మీద గుర్రాలు నడుస్తూ తాళ్లతో పడవలను లాగేవి. గుర్రాల కోసం వేసిన ఆ బాట మీదే ఇప్పుడు సైకిళ్లు వెళ్తున్నాయి. అయితే ఆ కాలువ పొడవునా దారి నున్నగా ఉంటుందనుకోకండి. చాలాచోట్ల మట్టిబాట, చెట్ల వేళ్లు, వానొస్తే బురద.

మూడోవి నది కట్టలు, బండ్లు చాలా తక్కువగా తిరిగే పల్లె రోడ్లు. లోఆర్ నది వెంట సుమారు 900 కి.మీ. సైకిలు మార్గం ఇలాంటిదే. వరద కట్ట మీద కొంత, పొలాల మధ్య సన్నని రోడ్ల మీద కొంత సాగుతుంది. ఏ మలుపులో ఎటు తిరగాలో చెప్పే బోర్డులు దారంతా ఉంటాయి.

ఇక్కడ మాకు ఒక సంగతి తెలిసింది. వీటిలో దేన్నీ మొదట సైకిలు కోసం కట్టలేదు. రైలు కోసమో పడవ కోసమో వరద ఆపడానికో కట్టారు. ఆ పని తీరిపోయాక, లేదా ఆ పని సాగుతూ ఉండగానే, దారిని సైకిలుకు ఇచ్చారు. అంటే సైకిలు దారి కావాలంటే కొత్తగా రోడ్డే వేయాలని లేదు. ఉన్న దారుల్లో ఏది పనికొస్తుందో వెతకాలి.

2. రైలు కట్టే ఎందుకు మంచిది?

ఇది లెక్కల మాస్టారి భాగం. రైలు చక్రమూ పట్టా రెండూ ఇనుమే. వాటి మధ్య పట్టు తక్కువ. ఎత్తు ఎక్కువైతే చక్రం జారుతుంది. అందుకే రైలు మార్గం వేసేటప్పుడు వాలు చాలా తక్కువ ఉండేలా చూస్తారు. మామూలు మార్గాల్లో 100 మీటర్ల దూరానికి 2, 3 మీటర్ల కంటే ఎక్కువ ఎత్తు పెరగనివ్వరు. కొండ అడ్డొస్తే సొరంగం తవ్వుతారు. లోయ వస్తే వంతెన కడతారు.

ఈ మేలు సైకిలుకు ఎలా అందుతుందో చూడండి. పిల్లవాడు, సైకిలు, సంచి కలిపి 60 కిలోలు అనుకుందాం. 100కు 2 చొప్పున వాలు ఉన్న దారిలో ఒక కి.మీ. వెళ్తే 20 మీటర్ల ఎత్తు ఎక్కుతాం. దానికి చేసే పని 60 × 9.8 × 20, అంటే 11,760 జౌళ్లు. ఇదే 20 మీటర్ల ఎత్తును 100కు 8 చొప్పున వాలున్న దారిలో 250 మీటర్లలోనే ఎక్కేస్తాం. పని అంతే. కానీ అదే వేగంతో వెళ్తే ఆ పనిని నాలుగో వంతు సమయంలో చేయాలి. అంటే కాళ్లు నాలుగింతల బలంగా తొక్కాలి. అందుకే రైలు కట్ట మీద పదేళ్ల పిల్లలు కూడా దిగకుండా వెళ్తారు. ఘాటు రోడ్డు మీద పెద్దవాళ్లు కూడా దిగి నెడతారు.

ఇంకో లెక్క వేగం గురించి. కదిలే బండిలో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 30 కి.మీ. వేగంతో వచ్చే లారీ కంటే 60 కి.మీ. వేగంతో వచ్చే అదే లారీలో నాలుగు రెట్ల శక్తి ఉంటుంది. మనం గంటకు 10, 12 కి.మీ. వేగంతో వెళ్తాం. ఇంత తేడా ఉన్న రెండింటిని ఒకే రోడ్డు మీద పక్కపక్కన నడపడమే అసలు ప్రమాదం. మా స్నేహితురాలు పడిపోవడంలో ఆమె తప్పు ఏమీ లేదని ఈ లెక్క చూశాకే మాకు బాగా అర్థమైంది. అంతవరకు ఆమె కూడా "నేనే సరిగ్గా తొక్కలేదేమో" అనుకుంటూ ఉండేది.

3. మన కాలువ గట్లు, మన బాటలు

కాలువ గట్టు మాట రాగానే మాలో తూర్పు గోదావరి నుంచి వచ్చిన అబ్బాయి లేచాడు. "మా తాతగారి ఊళ్లో గట్టు మీదే అందరూ సైకిళ్లు తొక్కుతారు" అన్నాడు. నిజమే. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 నుంచి 1852 వరకు ఆనకట్ట కట్టారు. దాని నుంచి తీసిన కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలకు దారి కూడా ఇచ్చాయి. లాకులు దాటుకుంటూ ధాన్యం పడవలు వెళ్లేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే మనుషులే గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ఫ్రాన్సులో గుర్రం చేసిన పని మన దగ్గర మనిషి చేశాడన్నమాట. అక్కడ గుర్రాల బాట సైకిలు దారి అయినట్టే, ఇక్కడ పడవలవాళ్లు నడిచిన గట్లు ఊళ్ల మధ్య దారులయ్యాయి. అయితే వాటిలో చాలావాటి మీద ఇప్పుడు ఆటోలు, కార్లు కూడా తిరుగుతున్నాయి.

ఆ రోజు తరగతిలో మాటల మీద ఒక చిన్న పోటీ జరిగింది. పొలాల మధ్య ఎడ్లబండి నడిచే మట్టి దారిని మీ ఊళ్లో ఏమంటారు అని మాస్టారు అడిగారు. గోదావరి అబ్బాయి 'పుంత' అన్నాడు. గుంటూరు అమ్మాయి 'డొంక' అంది. వరంగల్ నుంచి వచ్చిన అక్కాతమ్ముళ్లు "బండ్ల బాట, సార్" అన్నారు. ఒక్క దారికి ఇన్ని పేర్లు! పేరు ఉన్నదంటే ఆ దారిని జనం ఎంతగా వాడారో తెలుస్తుంది. మీ అమ్మమ్మ ఊళ్లో ఏమంటారో అడిగి చూడండి.

మన నగరాల్లోనూ ప్రయత్నాలు మొదలయ్యాయి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కి.మీ. సైకిలు దారిని 2023 అక్టోబరు 1న తెరిచారు. దాని మీద సౌర ఫలకాలతో పైకప్పు వేశారు. ఎండ తగలదు, కరెంటు తయారవుతుంది. నగరవాసులకు వ్యాయామానికి అది బాగుంది. కానీ మాకు కావలసింది అంత పెద్దది కాదు. బడికి వెళ్లి రావడానికి, ఆదివారం కాస్త తిరగడానికి ఒక దారి ఉంటే చాలు.

4. బీజాపూర్ చుట్టూ ఏమున్నాయి?

బీజాపూర్ 2007లో దంతెవాడ జిల్లా నుంచి విడిపోయి జిల్లా అయింది. జగదల్‌పూర్ వైపు నుంచి గీదం మీదుగా వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి మా ఊరి గుండా పోయి, భోపాల్‌పట్నం మీదుగా ఇంద్రావతి దాటి, మహారాష్ట్ర, తెలంగాణల వైపు సాగుతుంది. భోపాల్‌పట్నం వైపు భద్రకాళి దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు తెలంగాణ. అందుకే ఆ వైపు ఊళ్లలో తెలుగు బాగా వినిపిస్తుంది. దొర్లా వాళ్ల మాటలోనూ తెలుగు మాటలు చాలా కలిసి ఉంటాయి. ఓరుగల్లు నుంచి వచ్చిన కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. అంటే తెలుగువాళ్లు ఈ దారిన రావడం మాతో మొదలు కాలేదు.

మా ఊరికి రైలు లేదు. కాబట్టి మూతపడిన రైలు కట్ట అనే మాటే లేదు. పడవలు తిరిగే కాలువా లేదు. ఇక్కడున్నవి మనుషుల కాళ్లు వేసిన దారులు. ఊరికీ ఊరికీ మధ్య, ఊరికీ సంతకీ మధ్య, ఊరికీ వాగుకీ మధ్య అడవిలో ఎర్రమట్టి బాటలు ఉన్నాయి. వాటి మీద నడిచేవాళ్లు, ఎడ్లబండ్లు, ఇప్పుడు మోటారు సైకిళ్లు, అన్నిటికంటే ఎక్కువగా మామూలు సైకిళ్లు వెళ్తాయి.

ఫిబ్రవరిలో ఒక రోజు మాస్టారితో కలిసి సంతకు వెళ్లాం. భోపాల్‌పట్నం వైపు నుంచి చింతపండు తెచ్చిన ఒక తాతను పలకరించాం. ఆయనకు తెలుగు వచ్చు. "తాతా, మీరు ఎన్నేళ్లుగా సైకిలు తొక్కుతున్నారు?" అని అడిగాం. ఆయన నవ్వి, "తొక్కింది తక్కువ బిడ్డా, మూట ఏసుకొని నెట్టిందే ఎక్కువ" అన్నాడు. ఆయన సైకిలు చూశాం. క్యారియరు మీద అడ్డంగా ఒక వెదురు బద్ద కట్టి ఉంది. మధ్య కడ్డీ మీద ఇంకో మూటకు చోటు. బెల్లు లేదు, బ్రేకు ఒక్కటే. ఎండాకాలంలో ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు, చలికాలం చివర చింతపండు, ఏదైనా ఈ సైకిలు మీదే సంతకు వస్తుందట. వానాకాలంలో వాగు పొంగితే సైకిలును భుజం మీద ఎత్తుకుని దాటుతారట. మరీ పొంగితే సంత మానేస్తారట.

ఫ్రాన్సులో బండ్లు తిరగని దారి సెలవుల కోసం. ఇక్కడ అది బియ్యం, ఉప్పు, మందుల కోసం. సైకిలు ఒకటే, దారి ఒకలాంటిదే, అవసరం మాత్రం వేరు. ఈ తేడా మరిచిపోయి "అబ్బ, ఎంత అందమైన దారి" అని మాత్రమే రాస్తే మా పాఠం తప్పవుతుందని మాకు అనిపించింది.

5. ఖాళీ దారి వేరు, భద్రమైన దారి వేరు

సంత నుంచి తిరిగొచ్చాక మాలో కొందరికి ఉత్సాహం ఎక్కువైంది. "అడవి బాట మీద లారీలు రావు కదా, అక్కడే తొక్కుదాం" అన్నారు. ఆ మాట సి.ఆర్.పి.ఎఫ్.లో పనిచేసే ఒక నాన్నగారి చెవిన పడింది. ఆయన మరుసటి శనివారం తరగతికే వచ్చారు. గట్టిగా అరవలేదు. నల్లబల్ల మీద ఒక దారి గీసి, నెమ్మదిగా చెప్పారు.

ఈ జిల్లాలో చాలా ఏళ్లు ఘర్షణ సాగింది. మట్టి బాటల కింద మందుపాతరలు పెట్టిన సంఘటనలు ఎన్నో జరిగాయి. జవాన్లే కాదు, కట్టెలకూ ఆకులకూ వెళ్లిన ఊరివాళ్లు, పశువులు కూడా వాటికి బలయ్యారు. అందుకే బలగాల బండ్లు వెళ్లే ముందు రోడ్డును అడుగడుగూ వెతికే జట్టు ఒకటి ముందుగా నడుస్తుంది. "దారి మీద బండి లేదంటే దారి మంచిదని కాదు నాన్నా. ఈ రోజు ఆ దారిని ఎవరు చూశారు, ఎవరు నడిచారు అన్నది ముఖ్యం" అన్నారాయన. ఆయన కూతురు మా తరగతిలోనే ఉంది. ఆ అమ్మాయి తల దించుకుని వింది. వాళ్ల నాన్నగారు రోజూ పొద్దున్నే చేసే పని అదేనని మాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత మేమంతా కలిసి సైకిలు దారికి నాలుగు పరీక్షలు రాసుకున్నాం.

ఒకటి, వేగంగా వెళ్లే మోటారు బండ్లు ఆ దారిలోకి రావు, లేదా చాలా అరుదుగా వస్తాయి.
రెండు, ఆ దారి మీద రోజూ మనుషులు నడుస్తారు. పడిపోతే చూసేవాళ్లు, పిలిస్తే పలికేవాళ్లు ఉంటారు.
మూడు, ఆ దారి ఎవరిదో తెలుసు, వాళ్లు మనల్ని రానిస్తారు. పొలం గట్టయితే రైతును అడగాలి.
నాలుగు, ఆ దారిని ఎవరో ఒకరు చూసుకుంటారు. గుంత పడితే పూడ్చేవాళ్లు, కొమ్మ విరిగి పడితే తీసేవాళ్లు ఉంటారు.

ఫ్రాన్సు దారులు ఈ నాలుగింటిలోనూ నెగ్గుతాయి. మా అడవి బాటలు మొదటి పరీక్షలో మాత్రమే నెగ్గాయి. హైవే రెండో పరీక్షలోనూ నాలుగో పరీక్షలోనూ నెగ్గి, మొదటి దాంట్లో పోయింది.

6. సైకిలు ఎవరికి ఎక్కువ అవసరం?

చాలా ఏళ్లు ఎనిమిదో తరగతి హిందీ 'వసంత్' పుస్తకంలో 'జహాఁ పహియా హై' అనే పాఠం ఉండేది. మీ అన్నలూ అక్కలూ చదివే ఉంటారు. పాలగుమ్మి సాయినాథ్ రాసినది. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్న సంగతి అందులో ఉంది.

బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతిలో చేరే అమ్మాయిలకు సైకిలు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దాని ఫలితాన్ని లెక్కగట్టారు. హైస్కూలులో చేరే అమ్మాయిల సంఖ్య సుమారు మూడో వంతు పెరిగిందని తేలింది. హైస్కూలు 3 కి.మీ. కంటే దూరంగా ఉన్న ఊళ్లలోనే ఈ పెరుగుదల ఎక్కువ. ఛత్తీస్‌గఢ్‌లోనూ సరస్వతీ సైకిల్ యోజన కింద తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు ఇస్తున్నారు. పొద్దున్నే బీజాపూర్ రోడ్ల మీద ఒకే రంగు సైకిళ్ల మీద వరసగా వచ్చే అక్కలు వాళ్లే.

కానీ సైకిలు ఇస్తే సరిపోదు, అది నడిచే దారి కూడా కావాలి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ సమయంలో మా జిల్లాకు చెందిన పన్నెండేళ్ల అమ్మాయి తెలంగాణలోని మిరప చేలలో పని ఆగిపోవడంతో తనవాళ్లతో కలిసి ఇంటికి నడిచి బయలుదేరింది. రోడ్లు మూసేశారు కాబట్టి అడవి దారిన వచ్చారు. మూడు రోజులు నడిచాక, ఇల్లు ఇంకా కొద్ది దూరం ఉందనగా ఆ అమ్మాయి చనిపోయింది. ఆ వయసు మాలో ఆరుగురికి ఉంది. ఈ సంగతి చదివిన రోజు తరగతిలో ఎవరూ మాట్లాడలేదు. ఇది పాఠంలో ఉండాలా వద్దా అని ఓటు పెట్టాం. ఉండాలని పదకొండు మందీ చేతులెత్తారు.

7. మేము గీసిన పటం

మార్చిలో పని మొదలుపెట్టాం. దూరం కొలవడానికి టేపు అక్కర్లేదు, సైకిలు చక్రమే చాలు. మా సైకిలు చక్రం వ్యాసం టైరుతో కలిపి 66 సెం.మీ. దాని చుట్టుకొలత 22/7 × 66, అంటే సుమారు 207 సెం.మీ. చక్రం ఒక చుట్టు తిరిగితే 2 మీటర్ల 7 సెం.మీ. వెళ్లినట్టు. ఒక కి.మీ.కి సుమారు 483 చుట్లు. ఒక పుల్లకు ఎర్ర రిబ్బను కట్టి, సైకిలు నెడుతూ, రిబ్బను కిందికి వచ్చినప్పుడల్లా లెక్కపెట్టాం. వందకొకసారి నోటు పుస్తకంలో గీత పెట్టాం.

హైవే మీదుగా క్వార్టర్ల నుంచి బడికి 1.9 కి.మీ. వచ్చింది. క్వార్టర్ల వెనక గేటు నుంచి చెరువు గట్టు, కూరగాయల మళ్ల పక్క బాట, మూడు వీధులు దాటి బడి వెనక గేటుకు చేరే దారి ఒకటి కనిపించింది. దానికి 1,260 చుట్లు, అంటే 2.6 కి.మీ. మట్టి దారిలో గంటకు 10 కి.మీ. వేగం అనుకుంటే హైవే కంటే ఆరు నిమిషాలు ఎక్కువ పడుతుంది. పొద్దున ఆరు నిమిషాలు ముందు లేస్తే చాలు.

నాలుగు పరీక్షలూ పెట్టాం. మోటారు సైకిళ్లు తప్ప పెద్ద బండ్లు రావు. గట్టు మీద రోజంతా జనం ఉంటారు. కూరగాయల మడి పెద్దాయనను అడిగితే, "మొక్కల్లోకి దిగకుంటే చాలు" అన్నారు. బడి వెనక గేటు మాత్రం ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది.

పటం గీసి, లెక్కలు రాసి, ఒక ఉత్తరం జతచేసి పెద్దవాళ్లకు ఇచ్చాం. ఆదివారం పొద్దున్న కొందరు అమ్మానాన్నలు మాతో కలిసి ఆ దారంతా నడిచారు. ఒక అమ్మ రెండు చోట్ల ఆగి, గట్టు అంచు విరిగిందని చూపించారు. అది మేము గమనించలేదు. పటంలో ఎర్ర గుర్తు పెట్టాం.

ఫలితం ఇది. హెల్మెట్ పెట్టుకుని, ముగ్గురికి తగ్గకుండా కలిసి, ఆ దారిన బడికి వెళ్లవచ్చన్నారు. విరిగిన గట్టు దగ్గర దిగి నడవాలి. బడివాళ్లు వెనక గేటు పొద్దున అరగంట, సాయంత్రం అరగంట తెరుస్తామన్నారు. సంత వరకు సైకిలు మీద వెళ్తామన్న మా రెండో కోరికకు మాత్రం ఒప్పుకోలేదు. వానలు మొదలయ్యాక చెరువు గట్టు దారి కూడా ఆపాలన్నారు. మాకు కొంచెం బాధ కలిగింది. కానీ ఎందుకు వద్దన్నారో ఈసారి మాకు తెలుసు.

పడిపోయిన మా స్నేహితురాలు మొదటి రోజు సైకిలు నెట్టుకుంటూ వచ్చింది. రెండో రోజు చెరువు గట్టు మీద ఎక్కింది.

8. మీ కొత్త ఊళ్లో ఇలా చేయండి

మనందరం బదిలీల పిల్లలం. మూడేళ్లకో నాలుగేళ్లకో సామాను లారీలో మంచాలతో పాటు మన సైకిలు కూడా ఎక్కుతుంది. కొత్త ఊళ్లో దారులు మనకు తెలియవు, మనం ఆ ఊరికి తెలియం. అందుకే మేము అనుకున్నాం: ఏ ఊరికి వెళ్లినా మొదటి నెలలో ఆ ఊరి సైకిలు పటం ఒకటి గీయాలి. వెళ్లిపోయేటప్పుడు దాన్ని బడి గ్రంథాలయంలో వదిలి రావాలి. మన తర్వాత వచ్చే పిల్లలకు అది పనికొస్తుంది.

పటం గీసే పద్ధతి:

మొదట నడవండి, తర్వాత తొక్కండి. నడిచినప్పుడు కనిపించే గుంత తొక్కినప్పుడు కనిపించదు.
స్థానికులను మర్యాదగా అడగండి. పాలు పోసేవారు, పోస్టుమాన్, పంచరు షాపు అన్న, వీళ్లకు తెలిసినన్ని దారులు ఫోనులోని పటానికి తెలియవు.
వాలు, నీడ, తాగునీరు, పంచరు షాపు, ఆసుపత్రి గుర్తులు పెట్టండి.
ఏ కాలంలో ఏ దారి పనికిరాదో రాయండి.
అడవి, సరిహద్దు, గని, ఆనకట్ట దగ్గరైతే పెద్దల అనుమతి లేకుండా అడుగు పెట్టకండి.

బయలుదేరే ముందు గాలి, బ్రేకు, చైను చూసుకోండి. ఫ్రాన్సులో సైకిలు యాత్రలకు ఆద్యుడని చెప్పుకునే పాల్ ద వీవీ, దాహం వేయకముందే తాగాలని, ఆకలి వేయకముందే తినాలని, మరీ అలసిపోయేంత వరకు తొక్కకూడదని తన పాఠకులకు చెప్పేవాడు. బస్తర్ ఎండలో ఆ మాట ఎంత నిజమో మార్చి నెలలోనే మాకు తెలిసింది.

కొత్త మాటలు

వాలు: దారి ఎంత దూరానికి ఎంత ఎత్తు పెరుగుతుందో చెప్పే కొలత.
లాకులు: కాలువలో నీటి మట్టం మారేచోట పడవను ఎక్కించడానికి, దించడానికి కట్టిన తలుపులు.
పుంత, డొంక, బండ్ల బాట: పొలాల మధ్య మట్టి దారి.
మందుపాతర: నేల కింద పాతిపెట్టిన పేలుడు పదార్థం.
ఆనకట్ట: నదికి అడ్డంగా కట్టి నీటిని కాలువలకు మళ్లించే కట్టడం.

అభ్యాసం

1. మీ సైకిలు చక్రం వ్యాసం కొలవండి. మీ ఇంటి నుంచి బడికి అది ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కగట్టి, తర్వాత నిజంగా లెక్కపెట్టి సరిచూడండి.
2. 100కు 3 చొప్పున వాలున్న 2 కి.మీ. దారిలో ఎంత ఎత్తు ఎక్కుతారు? మీ బరువు, సైకిలు బరువు కలిపి అందుకు చేసే పని ఎంత?
3. మీ ఊళ్లో ఒక పని కోసం కట్టి, ఇప్పుడు వేరే పనికి వాడుతున్న దారి ఏదైనా ఉందా? పెద్దవాళ్లను అడిగి ఐదు వాక్యాలు రాయండి.
4. మీకు తెలిసిన ఒక దారికి మా నాలుగు పరీక్షలు పెట్టండి. ఐదో పరీక్ష ఒకటి చేర్చాలంటే ఏం చేరుస్తారు? ఎందుకు?
5. "సైకిలు వద్దు" అన్న పెద్దవారికి, "రోడ్డు మీద వద్దు" అన్న పెద్దవారికి మధ్య జరిగే సంభాషణ రాయండి.